పొగకు దారి చూపిన కౌంట్ రంఫర్డ్

18వ శతాబ్దం చివర లండన్ ధనవంతుల ఇళ్లలో చలికాలం వస్తే ఒక బాధ తప్పేది కాదు. ప్రతి గదిలో గోడను తొలిచి కట్టిన పొయ్యి ఉండేది. దాని మీద ఇంటి కప్పు దాటిపోయే పొగగొట్టం ఉండేది. అందులో ఎంత బొగ్గు తగలేసినా వేడిలో చాలా భాగం గొట్టంలోంచి ఆకాశానికే పోయేది. పొగ మాత్రం సగం దారిలో మనసు మార్చుకున్నట్టు మళ్లీ గదిలోకి వచ్చేది. మంట ముందు కూర్చున్నవారికి ముఖం మాడేది, వీపు వణికేది, కళ్లు మండేవి. 1795 చివర్లో మ్యూనిక్ నుంచి వచ్చిన ఒక సైన్యాధికారి తాపీ మేస్త్రీలను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లి ఈ పొయ్యిలను సరిచేయడం మొదలుపెట్టాడు. అతనే కౌంట్ రంఫర్డ్. అసలు పేరు బెంజమిన్ థాంప్సన్.

చలి దేశాల్లో ఈ రోజు కట్టెల స్టవ్ పెట్టించుకునేవారు పాత ఇటుక పొగగొట్టంలోకి స్టీలు గొట్టం ఒకటి దింపించి, దాని చుట్టూ వేడి పోకుండా ఉష్ణబంధక పదార్థం చుట్టిస్తారు. ఆ పని వెనుక ఉన్న శాస్త్రానికి పునాది వేసినవారిలో రంఫర్డ్ ముఖ్యుడు. వేడి ఎలా ప్రయాణిస్తుంది, దాన్ని ఎలా ఆపాలి, పొగ ఎందుకు పైకి పోతుంది అనే ప్రశ్నల చుట్టూనే అతని జీవితం తిరిగింది. అయితే ఆ జీవితం పొయ్యి అంత శుభ్రమైనది కాదు. అందులో గూఢచర్యం ఉంది, వదిలేసిన భార్య ఉంది, తుపాకుల నీడలో జరిగిన దానధర్మం ఉంది. మనుషులకు ఎంతో మేలు చేసి, ఏ మనిషికీ దగ్గర కాలేకపోయిన వ్యక్తి కథ ఇది.

పుట్టిన ఊరు వెళ్లగొట్టిన మనిషి

థాంప్సన్ 1753 మార్చి 26న అమెరికాలోని మసాచుసెట్స్‌లో, వోబర్న్ అనే ఊళ్లో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. ఊహ తెలియకముందే తండ్రి చనిపోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. పదమూడో ఏట సేలం పట్టణంలో ఒక వర్తకుడి దగ్గర పనికి కుదిరాడు. లెక్కల పుస్తకాల కంటే యంత్రాల మీద, మందుగుండు మీద అతని ధ్యాస ఎక్కువ. బాణసంచా తయారు చేయబోయి ఒళ్లు కాల్చుకున్నాడు కూడా. స్నేహితుడు లోమీ బాల్డ్విన్‌తో కలిసి మైళ్ల కొద్దీ నడిచి వెళ్లి, హార్వర్డ్‌లో ప్రొఫెసర్ జాన్ విన్‌త్రాప్ చెప్పే భౌతికశాస్త్ర పాఠాలు వినేవాడు. అతనికి అందిన ఉన్నత చదువు దాదాపు అంతే.

1772లో న్యూ హాంప్‌షైర్‌లోని కాంకర్డ్‌కు బడిపంతులుగా వెళ్లాడు. ఆ ఊరి పాత పేరు రంఫర్డ్. అక్కడ తనకంటే పదేళ్లకు పైగా పెద్దదైన సారా రోల్ఫ్ అనే సంపన్న వితంతువును పెళ్లాడాడు. అప్పటికి అతనికి 19 ఏళ్లు. ఆ పెళ్లితో పొలాలు వచ్చాయి, పెద్దల పరిచయాలు వచ్చాయి. గవర్నర్ జాన్ వెంట్‌వర్త్ ఈ కుర్రవాడిని చూసి ముచ్చటపడి ఏకంగా స్థానిక సేనలో మేజర్ పదవి ఇచ్చాడు. ఏళ్ల తరబడి సేవ చేసిన అధికారులకు అది కడుపుమంట అయింది.

అప్పటికే అమెరికన్ వలసలు బ్రిటన్ మీద తిరగబడే దశకు వచ్చాయి. థాంప్సన్ రాజు పక్షమని ఊరివాళ్లకు అనుమానం. 1774లో జనం గుంపుగా ఇంటి మీదకు వస్తున్నారని ముందే తెలిసి, భార్యనూ పసిబిడ్డనూ వదిలి పారిపోయాడు. ఆ తర్వాత భార్యతో కాపురం లేదు. 1792లో ఆమె చనిపోయేదాకా మళ్లీ ఆమె దగ్గరకు వెళ్లలేదు. ఊరివాళ్ల అనుమానం ఉత్తది కాదని చాలా కాలానికి తేలింది. బోస్టన్‌లోని బ్రిటిష్ సేనాధిపతి గేజ్ కాగితాల్లో, అదృశ్య సిరాతో రాసిన 1775 నాటి లేఖ ఒకటి బయటపడింది. తిరుగుబాటు సేనల సమాచారం అందులో ఉంది. చేతిరాతను బట్టి అది థాంప్సన్‌దేనని 20వ శతాబ్దపు చరిత్రకారులు గుర్తించారు.

1776లో బ్రిటిష్ సేనలు బోస్టన్ ఖాళీ చేసినప్పుడు అతను లండన్ చేరాడు. వలసల వ్యవహారాలు చూసే మంత్రి లార్డ్ జార్జ్ జర్మైన్ ప్రాపకంలో వేగంగా పైకి వచ్చి, 1780 నాటికి అండర్ సెక్రటరీ అయ్యాడు. తుపాకి మందు మీద చేసిన ప్రయోగాలకు 1779లో రాయల్ సొసైటీ సభ్యత్వం దక్కింది. యుద్ధం చివరి రోజుల్లో రాజు తరఫున దళపతిగా అమెరికా వెళ్లి, లాంగ్ ఐలాండ్‌లోని హంటింగ్‌టన్‌లో శ్మశానం ఉన్న గుట్ట మీద కోట కట్టించాడు. సమాధి రాళ్లను పీకించి రొట్టెల పొయ్యిలకు వాడించాడనీ, ఆ రొట్టెల అడుగున చనిపోయినవారి పేర్లు తిరగబడి అచ్చుపడేవనీ ఆ ఊళ్లో తరతరాలుగా చెప్పుకున్నారు. పొయ్యిలతో లోకోపకారం చేశాడని పేరు తెచ్చుకున్న మనిషిని సొంత గడ్డ గుర్తుపెట్టుకున్న తీరు అది.

వెచ్చదనం బట్టలో లేదు, గాలిలో ఉంది

యుద్ధం ముగిశాక థాంప్సన్ బవేరియా పాలకుడు కార్ల్ థియోడోర్ కొలువులో చేరాడు. ఆ కొలువులో చేరేందుకు అనుమతి ఇస్తూనే 1784లో బ్రిటన్ రాజు మూడో జార్జ్ అతనికి సర్ బిరుదు ఇచ్చాడు. మ్యూనిక్‌లో అతనికి అప్పగించిన పని సైన్యాన్ని చక్కదిద్దడం. ఖజానాలో డబ్బు లేదు. సైనికులకు సరైన తిండి, బట్ట లేవు. తక్కువ ఖర్చుతో ఎక్కువ వెచ్చదనం ఇచ్చే బట్ట ఏది అన్న ప్రశ్నతో అతని అసలు పరిశోధన మొదలైంది.

దీనికి అతను వాడిన పరికరం చాలా సాదా అయినది. ఒక గాజు గుండు లోపల మధ్యగా థర్మామీటర్ నిలిపాడు. థర్మామీటర్‌కూ గుండుకూ మధ్య ఉన్న ఖాళీలో ఒక్కోసారి ఒక్కో పదార్థం కూరేవాడు. పట్టు, దూది, ఉన్ని, ఈకలు, కుందేలు బొచ్చు, చివరికి బొగ్గుపొడి, దీపపు మసి, కట్టెల బూడిద కూడా. మొత్తాన్ని మరిగే నీళ్లలో వేడెక్కించి, వెంటనే మంచులో ముంచి, ఎంతసేపట్లో చల్లారుతుందో గడియారం పట్టుకుని చూసేవాడు. ఖాళీలో వట్టి గాలి ఉన్నప్పుడు చల్లారడానికి పట్టే కాలం దాదాపు పది నిమిషాలు. మెత్తటి బొచ్చు కూరినప్పుడు అది ఇరవై నిమిషాలు దాటింది.

ఇక్కడే అతను తెలివైన ప్రశ్న వేసుకున్నాడు. ఆ గుండులో బొచ్చు ఆక్రమించిన చోటు చాలా తక్కువ. మిగిలినదంతా గాలే. మరి వట్టి గాలి త్వరగా ఎందుకు చల్లారింది? జవాబు గాలి కదలికలో దొరికింది. స్వేచ్ఛగా ఉన్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, చల్లబడి కిందికి దిగుతుంది, అలా తిరుగుతూ వేడిని మోసుకుపోతుంది. బొచ్చు పోగుల మధ్య చిక్కుకున్న గాలి కదలలేదు. కదలని గాలి వేడిని దాదాపు పోనివ్వదు. వెచ్చగా ఉంచేది ఉన్ని కాదు, ఉన్ని పట్టి ఉంచిన గాలి. ఈ పనికి 1792లో రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది.

మన ఇళ్లలో ఈ సంగతి శాస్త్రం పేరు లేకుండానే తెలుసు. రాత్రి పొయ్యిలో మిగిలిన నిప్పు మీద బూడిద కప్పి, తెల్లారి దాన్ని కదిలించి మళ్లీ మంట రాజేసుకునేవారు. నివురుగప్పిన నిప్పు అనే మాట అలా పుట్టిందే. నివురు నిప్పుకు గాలి ఎక్కువ తగలనివ్వదు, తన రేణువుల మధ్య చిక్కిన గాలితో వేడినీ పోనివ్వదు. రంఫర్డ్ గాజు గుండులో కట్టెల బూడిద పోసి గడియారం చూసింది ఈ గుణాన్నే.

గాలి గురించి తెలిసినదాన్ని ద్రవాలకూ వర్తింపజేసే ఆలోచన అతనికి భోజనం బల్ల దగ్గర వచ్చింది. చిక్కటి అన్నపు జావ గంటసేపు పక్కన పెట్టినా, పైన చల్లారి లోపల నోరు కాలేంత వేడిగా ఉండటం గమనించాడు. పలచని నీళ్లు అంత సేపు వేడిగా ఉండవు. చిక్కదనం కదలికను ఆపింది, అందుకే వేడి లోపలే ఉండిపోయింది. దీన్ని పట్టుకుని ద్రవాల్లో వేడి ప్రవాహాల రూపంలో ప్రయాణిస్తుందని ప్రయోగాలతో చూపాడు. నేటి పాఠ్యపుస్తకాల్లో ఉష్ణ సంవహనం అని చదువుకునేది ఇదే. అయితే ఉత్సాహంలో ఒక అడుగు ఎక్కువే వేశాడు. ద్రవాల్లోనూ వాయువుల్లోనూ ప్రవాహం తప్ప ఉష్ణ వహనం అసలే లేదన్నాడు. అది తప్పని తర్వాతివారు తేల్చారు. వహనం ఉంది, కానీ చాలా స్వల్పం.

బిచ్చగాళ్లు, సూప్, ఇటుక పొయ్యిలు

మ్యూనిక్‌లో అప్పుడు బిచ్చగాళ్ల సమస్య తీవ్రంగా ఉండేది. 60,000 జనాభా ఉన్న నగరంలో ఒక్క వారంలో 2,600 మంది జాబితాకు ఎక్కారంటే పరిస్థితి ఊహించవచ్చు. 1790 జనవరి 1న, అంటే ఆనవాయితీగా దానాల కోసం బిచ్చగాళ్లంతా వీధుల్లోకి వచ్చే రోజున, థాంప్సన్ సైనికులనూ నగర అధికారులనూ వెంటబెట్టుకుని వారిని పట్టించడం మొదలుపెట్టాడు. పట్టుకున్నవారిని జైలుకు కాక, అప్పటికే సిద్ధం చేసిన పనిశాలకు పంపాడు. అక్కడ వెచ్చటి గదులు, వేడి భోజనం, చేసిన పనికి కూలి ఉన్నాయి. వారు వడికిన నూలు, కుట్టిన బట్టలు సైన్యానికి చేరాయి. ఒకే ఏర్పాటుతో బిచ్చగాడికి తిండి, సైనికుడికి యూనిఫాం, ఖజానాకు పొదుపు.

దీన్ని దయ అనాలా, బలవంతం అనాలా అన్న వాదం అప్పటినుంచీ ఉంది. పేదలను ముందు మంచివారిని చేసి తర్వాత సుఖపెట్టాలన్న అప్పటి నీతిని అతను తలకిందులు చేశాడు. ముందు కడుపు నింపి, ఒళ్లు వెచ్చగా ఉంచితే మంచితనం దానంతట అదే వస్తుందని నమ్మాడు. అదే సమయంలో మనిషిని ఎంత తక్కువ ఖర్చుతో బతికించవచ్చో లెక్కగట్టాడు. బార్లీ, బఠాణీ, బంగాళాదుంప, రొట్టె ముక్కలు, కాస్త వెనిగర్ వేసి కాచిన రంఫర్డ్ సూప్ యూరప్ అంతటా గంజి కేంద్రాలకు నమూనా అయింది. ఇదే కారణంగా, ముప్పావు శతాబ్దం తర్వాత కార్ల్ మార్క్స్ కాపిటల్ మొదటి సంపుటిలో రంఫర్డ్ వంటకాలను ఎద్దేవా చేశాడు. కూలీకి చవక తిండి మప్పి కూలిని తగ్గించే ఉపాయంగా దాన్ని చూశాడు. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ సూప్ లేని చలికాలంలో మ్యూనిక్ వీధుల్లో ఏం జరిగేదన్న ప్రశ్న కూడా మిగిలే ఉంటుంది.

పనిశాల వంటగది అతనికి ప్రయోగశాల అయింది. అప్పట్లో వంట అంటే బహిరంగ మంట మీద వేలాడే పెద్ద కాగు. వేడి నలుదిక్కులా పోయేది. థాంప్సన్ మంటను ఇటుకల మధ్య మూసేశాడు. ఒక్కో పాత్రకు ఒక్కో చిన్న పొయ్యి, అడుగున గాలి వచ్చే జల్లెడ, గాలిని తగ్గించడానికీ పెంచడానికీ తలుపు, పొగ వెళ్లే ముందు పాత్ర చుట్టూ తిరిగేలా దారి. పాత్రల మూతలు కూడా రెండు రేకులతో చేసి, మధ్యలో గాలి పొర ఉంచమన్నాడు. కుందేలు బొచ్చులో చూసిన సూత్రమే ఇక్కడ ఇటుకలోకీ ఇనుప రేకులోకీ వచ్చింది.

అతని సేవలకు గుర్తింపుగా ఆ దశాబ్దం మొదట్లో పవిత్ర రోమన్ సామ్రాజ్యపు కౌంట్ బిరుదు వచ్చింది. బిరుదు పేరుగా ఏ ఊరైనా ఎంచుకునే వీలున్నప్పుడు, తనను వెళ్లగొట్టిన ఊరి పాత పేరునే ఎంచుకున్నాడు. అలా కౌంట్ రంఫర్డ్ అయ్యాడు. మ్యూనిక్ నగరంలో నేటికీ జనం సేదదీరే ఇంగ్లిష్ గార్డెన్ కూడా 1789లో అతని చొరవతో మొదలైందే.

నాలుగు అంగుళాల గొంతు

1795లో లండన్ వచ్చినప్పుడు, బండి వెనుక కట్టిన పెట్టె దొంగల పాలైంది. ఏళ్ల తరబడి రాసుకున్న కాగితాలు అందులో పోయాయి. అయినా ఆ చలికాలం అతను లండన్ పొగను వదల్లేదు. లార్డ్ పామర్‌స్టన్, జోసెఫ్ బ్యాంక్స్ వంటి ప్రముఖుల ఇళ్లతో మొదలుపెట్టి వందలాది పొయ్యిలు సరిచేయించాడు.

లోపం ఎక్కడుందో అతను సులువుగా చెప్పాడు. పాత పొయ్యి లోతైన పెట్టెలా ఉండేది. పక్క గోడలు నిటారుగా ఉండటం వల్ల మంట వేడి గదిలోకి రాక ఒక గోడ నుంచి ఇంకో గోడకు తగిలి పైకి పోయేది. పొయ్యికీ గొట్టానికీ మధ్య ఉండే గొంతు మరీ వెడల్పు. కొద్దిపాటి పొగతో పాటు గదిలోని వెచ్చటి గాలి కూడా బస్తాల కొద్దీ అందులోకి పోయేది. పొగ ఆ చల్లగాలితో కలిసి తానూ చల్లబడేది. వేడి పొగ తేలిక కాబట్టి పైకి పోతుంది. చల్లారిన పొగకు ఆ తేలికదనం ఉండదు. వెడల్పు గొట్టంలో చల్లగాలి ఒక పక్క నుంచి కిందికి దిగి పొగను వెనక్కి తోసేది.

వైద్యం కూడా అంతే సూటిగా ఉంది. గొంతును సుమారు 4 అంగుళాలకు కుదించాడు. పొయ్యి వెనుక గోడను ముందుకు జరిపి, దాని వెడల్పును పొయ్యి నోటి వెడల్పులో మూడో వంతుకు తగ్గించాడు. పక్క గోడలను 135 డిగ్రీల కోణంలో బయటికి విప్పి, వేడి గదిలోకి పరావర్తనం చెందేలా చేశాడు. గొంతు ముందంచును గుండ్రంగా నున్నగా దిద్దించాడు. పొగ చిన్న దారిలో వేగంగా, వేడి తగ్గకుండా వెళ్లిపోయేది. ఇదంతా కొన్ని ఇటుకలు, కాస్త సున్నం, మేస్త్రీ ఒక రోజు కూలితో అయ్యే పని. గొట్టాలు తుడిచే పిల్లలు లోపలికి ఎక్కే దారి మూసుకుపోకుండా, అవసరమైనప్పుడు తీసి పెట్టే పలక కూడా ఏర్పాటు చేశాడు. పసిపిల్లలను పొగగొట్టాల్లోకి ఎక్కించే ఆచారాన్ని మాత్రం అతను ప్రశ్నించలేదు. ఆ పని తర్వాతి తరం చేయాల్సి వచ్చింది.

ఈ పద్ధతికి అతను పేటెంటు తీసుకోలేదు. 1796లో వెలువడిన వ్యాసంలో కొలతలన్నీ మేస్త్రీలకు అర్థమయ్యేలా రాసి, ఎవరైనా కట్టుకోవచ్చన్నాడు. పేరు ఊరూరా పాకింది. జేన్ ఆస్టెన్ నవల నార్తాంగర్ ఆబీలో అతని పొయ్యి ప్రస్తావన ఉంది. 1800లో జేమ్స్ గిల్‌రే గీసిన వ్యంగ్య చిత్రంలో రంఫర్డ్ తన పొయ్యికి వీపు చూపిస్తూ హాయిగా నిలబడి ఉంటాడు.

ఫిరంగి గొట్టంలో మరిగిన నీళ్లు

రంఫర్డ్‌కు శాస్త్ర చరిత్రలో శాశ్వత స్థానం ఇచ్చినది మరో పని. వేడి అనేది కెలోరిక్ అనే కంటికి కనిపించని ద్రవమని అప్పటి పండితుల నమ్మకం. ఆ పేరును స్థిరపరిచినవారిలో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ ముఖ్యుడు. మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు లోహం విపరీతంగా వేడెక్కడం రంఫర్డ్ చూశాడు. మొద్దుబారిన తొలుపుడు పనిముట్టు పెట్టి, గొట్టం చుట్టూ నీళ్ల పెట్టె అమర్చి, గుర్రాల బలంతో తిప్పించాడు. రెండున్నర గంటల్లో నీళ్లు మరిగాయి. కింద మంట లేదు. చుట్టూ ఉన్నవారు నోళ్లు తెరిచి చూశారు.

తిప్పుతున్నంత సేపూ వేడి వస్తూనే ఉంది. లోహంలో దాగిన ద్రవమే వేడి అయితే అది ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి. అయిపోవడం లేదంటే వేడి పదార్థం కాదు, ఒక రకమైన కదలిక. 1798 జనవరిలో రాయల్ సొసైటీ ముందు చదివిన ఈ పత్రాన్ని అప్పట్లో అందరూ ఒప్పుకోలేదు. 1840లలో జేమ్స్ జౌల్ కొలతలతో నిరూపించేదాకా కెలోరిక్ బతికే ఉంది.

1799లో లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఏర్పాటులో రంఫర్డ్ ముఖ్య పాత్ర వహించాడు. చేతిపనివారికి శాస్త్రం నేర్పడం, నమూనా పొయ్యిలు, వంటగదులు ప్రదర్శించడం దాని తొలి ఉద్దేశం. 1801లో హంఫ్రీ డేవీ అనే యువకుడిని అక్కడికి తెచ్చాడు. డేవీ ఉపన్యాసాలకు ఉన్నత వర్గాలు బారులు తీరాయి. చేతిపనివారి బడి అనే ఆలోచన వెనక్కి పోయింది. తోటివారితో పొసగక రంఫర్డ్ 1802లో పారిస్ దారి పట్టాడు. ఆ సంస్థ తర్వాత ఫారడే వంటివారితో ప్రపంచ ప్రసిద్ధి పొందింది, కానీ అది రంఫర్డ్ కోరిన దారి కాదు.

చల్లారిన ఇల్లు

పారిస్‌లో 1805లో అతను మారీ ఆన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె లావోయిజర్ భార్య. ఫ్రెంచ్ విప్లవ కాలంలో 1794 మే 8న లావోయిజర్‌ను గిలటిన్ కింద చంపారు. ఆమె సామాన్యురాలు కాదు. భర్త ప్రయోగాలకు బొమ్మలు గీసిన చిత్రకారిణి, ఇంగ్లిష్ శాస్త్ర గ్రంథాలను ఫ్రెంచిలోకి తెచ్చిన అనువాదకురాలు. మళ్లీ పెళ్లాడినా లావోయిజర్ పేరు వదలనని ఒప్పందంలోనే రాయించుకుంది. కెలోరిక్‌ను పాతిపెట్టాలని చూసిన మనిషి, కెలోరిక్‌కు పేరు పెట్టినవాడి ఇంట్లో అలా అడుగుపెట్టాడు.

ఆమెకు విందులు, సంభాషణలు ఇష్టం. అతనికి నిశ్శబ్దం, ప్రయోగాలు, పూలమొక్కలు ఇష్టం. ఒకసారి ఆమె పిలిచిన అతిథులు లోపలికి రాకుండా అతను గేటుకు తాళం వేయించాడు. ఆమె వెళ్లి అతని పూలమొక్కల మీద మరిగే నీళ్లు పోసింది. ఇది అతనే కూతురికి రాసుకున్న సంగతి. 1809లో ఇద్దరూ విడిపోయారు. ఇళ్లను వెచ్చగా ఉంచే విద్యలో అతన్ని మించినవారు లేరు. సొంత ఇల్లు మాత్రం రెండుసార్లూ నిలుపుకోలేకపోయాడు.

చివరి ఏళ్లు పారిస్ దగ్గరి ఒటాయ్‌లో ఒంటరిగా గడిపాడు. తెల్లటి ఉపరితలం వేడిని తక్కువగా వదులుతుందన్న నమ్మకంతో చలికాలంలో తెల్ల బట్టలు వేసుకుని తిరిగేవాడు. జనం నవ్వితే పట్టించుకోలేదు. 1814 ఆగస్టు 21న అక్కడే చనిపోయాడు. ఫ్రెంచ్ విజ్ఞానశాస్త్ర అకాడమీ తరఫున నివాళి ప్రసంగం చేసిన కువియే, మనుషులకు ఇంత మేలు చేసినా వారి మీద ప్రేమ గానీ గౌరవం గానీ ఈయనకు లేవని దాచకుండా చెప్పాడు. తనను శత్రువుగా చూసిన దేశంలోని హార్వర్డ్‌కు మాత్రం ఒక ఆచార్య పీఠం కోసం ఆస్తి రాసిపోయాడు. విజ్ఞానం అందరికీ పనికిరావాలన్నది ఆ పీఠం ఉద్దేశం.

పొగగొట్టంలో మిగిలిన పాఠం

రంఫర్డ్ కాలం కంటే నేటి కట్టెల స్టవ్‌లు చాలా మెరుగు. కట్టె వేడిలో ఎక్కువ భాగం అవి గదికే ఇస్తాయి. దాంతో కొత్త చిక్కు వచ్చింది. పొగ గొట్టంలోకి చేరేసరికే దాని వేడి తగ్గిపోయి ఉంటుంది. పాత ఇటుక గొట్టం వెడల్పు, పైగా చల్లన. అందులో పొగ ఇంకా చల్లారి, అందులోని ఆవిరి, తారు గోడలకు పేరుకుంటాయి. ఆ జిగురు మసి ఎప్పుడో అంటుకుంటే గొట్టమే కొలిమి అవుతుంది, ఇల్లే తగలబడవచ్చు. అందుకే లోపల సన్నటి స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం దింపి, దాని చుట్టూ రాతి ఉన్ని లేదా సిరామిక్ దుప్పటి చుడతారు. లేదంటే ఇటుకకూ స్టీలుకూ మధ్య ఖాళీలో ఉబ్బిన వర్మిక్యులైట్ నింపుతారు. కాకిబంగారంలా పొరలుపొరలుగా ఉండే ఈ ఖనిజం వేడి చేస్తే పొరల మధ్య ఉబ్బి తేలికవుతుంది. అభ్రకం గనులకు పేరుపడిన నెల్లూరు జిల్లాలోనూ ఇది దొరుకుతుంది. దారి ఇరుకు చేయడం, పొగను వేడిగా ఉంచడం, కదలని గాలితో కాపు కాయడం. మూడూ రంఫర్డ్ చెప్పినవే.

చలి దేశాల్లో ఇది గది వెచ్చదనానికి సంబంధించిన విషయం. మన దగ్గర ఊపిరికి సంబంధించినది. మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చుని వండిన తరాల స్త్రీల కళ్లకూ ఊపిరితిత్తులకూ పొగగొట్టం కూడా దక్కలేదు. 1950లలో హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు పొగ లేని పొయ్యిని రూపొందించి, దాని మీద పుస్తకం రాశారు. మట్టి పొయ్యికి గొట్టం, గాలిని అదుపు చేసే రేకు అందులో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, 2002లో ఆపేసేలోపు మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించింది. అందులో చాలావరకు నిలవలేదు. కొలతలు తప్పిన గొంతు, తుడవని గొట్టం, పగిలితే బాగుచేసే దిక్కులేకపోవడం వాటిని పాడుబెట్టాయి. తర్వాత 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో ఉజ్వల గ్యాస్ సిలిండర్లు తెచ్చాయి. రీఫిల్ కొనలేని ఇళ్లలో పొయ్యి మళ్లీ రాజుకుంటూనే ఉంది.

రంఫర్డ్ పొయ్యి లండన్‌లో నిలవడానికి కారణం దాని వెనుకున్న శాస్త్రం ఒక్కటే కాదు. కొలతలు తెలిసిన మేస్త్రీ, ఏటా గొట్టం తుడిచే మనిషి, ఆ ఖర్చు భరించే ఇంటి యజమాని అక్కడ ఉన్నారు. పొగ బాధ పడినవారు డబ్బున్నవారు కాబట్టి వైద్యం వెంటనే అందింది. పొగ మింగినవారు పేదింటి ఆడవారైన చోట, అదే వైద్యం రెండు వందల ఏళ్లయినా సగంలోనే ఆగిపోయింది. పొగ పైకి పోవడానికి కావలసిన భౌతికశాస్త్రం 1796లోనే అచ్చయింది. ఇక మిగిలింది ఆ పొయ్యి ముందు ఎవరు కూర్చున్నారన్న పట్టింపే.